ఛాతీ లోతు నీళ్ళు

చేపల పరిశోధన కేంద్రంలో ఇరవై నాలుగేళ్ళుగా సముద్రం అడుగున చేపల్ని లెక్కపెడుతున్న మనిషికి, ఆ లెక్క మొదటి రోజు నుంచీ తప్పేనని ఒక సోమవారం పొద్దున తెలిసింది.

పట్టిచ్చింది ఒక కెమెరా. చేపలు గుడ్లు పెట్టడానికి గుంపుకట్టే రాతిగుట్ట దగ్గర డైరెక్టరమ్మ దాన్ని పెట్టించింది. ఈయన దిగి లెక్కపెట్టినప్పుడు తొంభై చేపలు. ఈయన పైకొచ్చి పడవలో తల తుడుచుకుంటుండగా కెమెరాకి కనిపించినవి మూడు వందల పది. ఈయన విడిచిన గాలి బుడగలై గళగళమంటూ పైకి పోతుంటే, కాస్త సిగ్గూ భయమూ ఉన్న చేపలన్నీ రాళ్ళ వెనక్కి తప్పుకునేవట. ఇరవై నాలుగేళ్ళపాటు ఆయన, తనంటే లెక్కలేని చేపల్ని మాత్రమే లెక్కపెట్టాడన్నమాట.

కేంద్రంలో అందరూ ఆయన్ని లోతుగారు అంటారు. ఎవరేం చెప్పినా "ఎంత లోతు?" అని అడిగే అలవాటు వల్ల వచ్చిన పేరది. బావి తవ్వించామన్నా అదే ప్రశ్న, పన్ను పీకించుకున్నామన్నా అదే ప్రశ్న. పిలిచేవాళ్ళు వెటకారంగా పిలిచేవాళ్ళు. ఈయన బిరుదుగా తీసుకున్నాడు.

"బుడగలు రాకుండా దిగాలండీ," అంది డైరెక్టరమ్మ. గది మూలనున్న పెట్టె చూపించింది. "రీబ్రీదర్ తెప్పించాం. మనం విడిచిన గాలిని అదే శుభ్రం చేసి, తగ్గిన ఆక్సిజన్ కలిపి, మళ్ళీ మనకే ఇస్తుంది. బుడగ బయటికి రాదు. మీకు కొత్త కదా, నేర్చుకుని రండి. ఎవరి దగ్గర, ఏ కోర్సు అన్నది మీ ఇష్టం. పదో తారీఖుకల్లా పాసైన కార్డు నా బల్ల మీద ఉండాలి."

"లేకపోతే?"

"పున్నమికి చేపలు వస్తాయి. అవి మన కోసం ఆగవు. బయటి నుంచి ఎవరినైనా పిలుస్తాను. మీరు ఈ సీజను ఒడ్డున కూర్చుని వీడియోలో లెక్కపెడుదురు గాని."

ఒడ్డున అన్న మాట ఆయనకి తిట్టులా తగిలింది. ఇల్లు ఉన్నది ఒడ్డునే. ఆ ఇంట్లో రెండు కుర్చీలుంటే ఒకదాని మీద మూడేళ్ళుగా మడతపెట్టని బట్టలు ఉంటున్నాయి. వీధిలో జనం తల ఒక పక్కకి వంచి "ఎలా ఉన్నారండీ?" అని అడుగుతారు. నీళ్ళ కింద ఎవరూ ఏమీ అడగరు. మనిషికి నోట్లో గొట్టం పెట్టి నోరు మూయించే చోటు అదొక్కటే అని ఆయన లెక్క. అది పోతే ఇక మిగిలేది ఒడ్డు, కుర్చీ, బట్టలు.

భార్య కూడా ఆ కేంద్రంలోనే పనిచేసేది. ఈయన దిగితే ఆవిడ పడవలో తాడు పట్టుకుని కూర్చునేది. ఇరవై ఒక్క ఏళ్ళు అలాగే జరిగింది. ప్రాణం మీదికి వచ్చే పని ఈయనది, ప్రాణం పోయింది ఆవిడది. మూడు వారాల జ్వరం, అంతే. ఆ లెక్క కూడా ఎక్కడో తప్పిందని ఆయన ఇప్పటికీ అనుకుంటాడు, పైకి అనడు.

పెట్టె భుజాన వేసుకుని సిలిండర్లు నింపే కంప్రెసరు గదిలోకి వెళ్ళాడు. ఆ గది ఆయన మరదలిది, అంటే భార్య చెల్లెలిది. చేతినిండా నూనె, నోటినిండా మాటలు.

"ఏం బావా, చేపలు నిన్ను చూసి పారిపోతున్నాయటగా?"

"ఎవరు చెప్పారు?"

"కెమెరా. పాపం, వాటి తప్పేముంది? నువ్వు వీధిలో వస్తుంటే మేమూ లోపలికే పోతాం."

"ఊరుకోవే. నేర్పేవాడు ఎవడైనా ఉంటే చెప్పు."

ఆవిడ నవ్వడం ఆపింది. యంత్రాన్ని బయటికి తీసి, తిప్పి చూసి, సిలిండరుకి కట్టే అట్టముక్క మీద పెన్నుతో మూడు ప్రశ్నలు రాసింది. మన యంత్రం మీదే నేర్పుతారా? నేర్పే మనిషి తనకి తానుగా దాంతో చివరిసారి ఎప్పుడు దిగారు? ఇప్పటిదాకా ఎంతమందిని ఫెయిల్ చేశారు?

"మూడోది ముఖ్యం బావా. ఎవరినీ ఫెయిల్ చెయ్యలేదంటే చెప్పులు వేసుకుని వచ్చెయ్."

"నన్ను ఫెయిల్ చేసేవాడు ఇంకా పుట్టలేదులే."

"అందుకే భయం," అంది మరదలు.

మొదట వెళ్ళింది ఒక రేకుల షెడ్డుకి. బోర్డు లేదు. లోపల ఒక బల్ల, బల్ల మీద అచ్చం ఈయన పెట్టెలో ఉన్నదానిలాంటి యంత్రమే, గీతలు పడి, రంగు పోయి, ముక్కలు ముక్కలుగా విప్పి ఉంది. అరవై దాటిన ఒకావిడ, కళ్ళజోడుకి తాడు కట్టుకుని, వేలితో రబ్బరు రింగుకి గ్రీజు రాస్తోంది. బడిలో లెక్కల టీచరు లక్షణాలన్నీ ఉన్నాయి. బెత్తం ఒక్కటే తక్కువ.

"ఎన్నేళ్ళ అనుభవం?" అంది తలెత్తకుండా.

"ముప్పై ఒకటండీ, కేంద్రంలో చేరకముందువి కూడా కలిపి. నీళ్ళలో నేను గడిపిన గంటలు..."

"ఈ యంత్రంతో?"

"ఇంకా మొదలుపెట్టలేదు."

"అయితే సున్నా."

లోతుగారి చెవులు వేడెక్కాయి. అయినా అట్టముక్క తీసి ప్రశ్నలు చదివాడు. ఆవిడ మొదటి రెంటికీ రింగు మీది నుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చింది. నేర్పేది ఈ యంత్రం మీదే, వేరేది ముట్టుకోదు. తను దిగింది మొన్న ఆదివారం, ఎవరికీ నేర్పడానికి కాదు, ఊరికే. మూడోదానికి మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"కిందటేడు ఎనిమిది మంది వచ్చారు. ముగ్గురికి కార్డిచ్చాను. ఇద్దరు మళ్ళీ వస్తామన్నారు. ముగ్గురు ఊరంతా నన్ను తిట్టుకుంటూ తిరుగుతున్నారు. తిరుగుతున్నారు, అది చాలు. కోర్సు తొమ్మిది రోజులు. మొదటి రెండు రోజులు నీళ్ళుండవు, ఈ బల్లే."

"నాకు పదో తారీఖుకి కావాలండీ."

"పదో తారీఖు సంగతి నాకు తెలీదు. ఇప్పుడు నా ప్రశ్న. మీరు చివరిసారి పొరపాటు చేసింది ఎప్పుడు?"

లోతుగారు నిజాయితీగానే ఆలోచించాడు. అదే విచిత్రం. ముప్పై ఒక్క ఏళ్ళూ తిరగేసి చూసుకున్నాడు. ఒక్కటీ తగల్లేదు.

"గుర్తు లేదండీ. చెయ్యలేదనుకుంటాను."

ఆవిడ మళ్ళీ గ్రీజు డబ్బా అందుకుంది. "గుర్తొచ్చాక రండి."

రెండోది గాజు తలుపుల దుకాణం. లోపలికి అడుగు పెడితే చల్లగాలి, గోడ నిండా నవ్వుతున్న డైవర్ల బొమ్మలు. బిగుతు చొక్కా వేసుకున్న కోచ్ ఎదురొచ్చి, ఈయన ఏం చేస్తాడో తెలుసుకుని, రెండు చేతులూ జోడించాడు.

"ఇరవై నాలుగేళ్ళుగా ఒకే చోట దిగుతున్నారా! మీకు నేర్పేదేముంది గురువుగారూ? మీ దగ్గర మేం నేర్చుకోవాలి."

గురువుగారూ! ఆ ఒక్క మాటకి లోతుగారు వెన్నలా కరిగిపోయాడు. జేబులో అట్టముక్క ఉంది. తియ్యలేదు. ఇంత మర్యాదస్తుణ్ణి ఎంతమందిని ఫెయిల్ చేశావయ్యా అని ఎలా అడుగుతాం? మర్యాదగా ఉండదు.

"మామూలువాళ్ళకి ఆరు రోజులు. మీకు నాలుగు చాలు. ఎనిమిదో తారీఖుకి కార్డు మీ చేతిలో ఉంటుంది."

నాలుగు రోజులన్నది తన గొప్పతనాన్ని కొలిచి చెప్పిన అంకెలా తోచింది ఆయనకి. బయటికొచ్చేటప్పుడు గాజు తలుపులో తన నీడ చూసుకుని జుట్టు కూడా సవరించుకున్నాడు.

మొదటి రోజు స్పోర్ట్స్ క్లబ్బు ఈతకొలనులో దిగారు. మామూలు సిలిండరుతో అయితే ఊపిరి పీలిస్తే మనిషి కాస్త పైకి తేలతాడు, వదిలితే కాస్త దిగుతాడు. లోతుగారు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఊపిరితోనే నీళ్ళలో మేడ మెట్లు ఎక్కినట్టు ఎక్కి, దిగినట్టు దిగాడు. ఈ యంత్రంతో ఆ ఆట సాగదు. గాలి ఛాతీలోంచి సంచిలోకి, సంచిలోంచి ఛాతీలోకి తిరుగుతూ ఉంటుంది. ఎంత పీల్చినా మనిషి ఉన్నచోటే ఉంటాడు. ఆ సంగతి తలకెక్కేలోపు ఆయన నాలుగుసార్లు అడుగుకి ముక్కు గుద్దుకున్నాడు, మూడుసార్లు బెండులా పైకి తేలాడు.

"కొత్త కదా గురువుగారూ," అన్నాడు కోచ్, "యంత్రం మీకు అలవాటు పడాలి."

నిజమే, దానికి అలవాటు లేదు పాపం, అనుకున్నాడు లోతుగారు.

యంత్రం నడుం దగ్గర ఒక డబ్బా ఉంటుంది. అందులో తెల్లటి సున్నపు గుళికలు నింపాలి. మనం విడిచిన చెడుగాలిని అవే పీల్చుకుంటాయి. ఏ రోజుకారోజు పాతవి పారబోసి డబ్బా కడిగి, మర్నాడు కొత్తవి నింపాలి. అవి లేకపోతే తన చెడుగాలి తనే తాగుతూ, అదేమిటో తెలియకుండానే మనిషి స్పృహ తప్పుతాడు. ఇదంతా తనిఖీ కాగితంలో మొదటి వరసలోనే ఉంటుంది. చూసి టిక్కు పెట్టాలి. ఆ తర్వాత గట్టు మీదే కూర్చుని, ముక్కు మూసుకుని, అయిదు నిమిషాలు యంత్రంతో ఊపిరి పీల్చి చూసుకోవాలి.

మూడో రోజు లోతుగారు పెన్ను తీసుకుని నలభై ఒక్క టిక్కులూ ఒకే గుక్కలో పెట్టేశాడు. చెయ్యి తిరిగిన మనిషి కదా. యంత్రం వీపుకి ఎత్తుకుంటే నిన్నటికన్నా తేలిగ్గా ఉంది. మూడు రోజులకే భుజాలు గట్టిపడ్డాయని మురిసిపోయాడు. అయిదు నిమిషాల ఊపిరి ఒక నిమిషమే అయింది. మిగతా నాలుగు నిమిషాలూ, ఒకప్పుడు సుడిగాలి పూట తను ముప్పై మీటర్ల లోతు నుంచి లంగరు ఎలా విప్పుకొచ్చాడో కోచ్‌కి చెప్పడానికి సరిపోయాయి. కోచ్ ఫోటో తీసుకున్నాడు.

కొలనులో రెండో సగం ఆ వేళప్పుడు ముసలమ్మల నీటి వ్యాయామానిది. రంగురంగుల టోపీలు పెట్టుకుని పదిమంది చేతులు ఊపుతున్నారు. లోతుగారు ఇవతల పక్క ఛాతీ లోతు నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని తల ముంచాడు.

రెండు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత ఆయాసం మొదలైంది. మెట్లెక్కినట్టు, పరిగెత్తినట్టు, గుండెల్లో డబడబ. వయసు, అనుకున్నాడు. కణతలు పగిలేంత నొప్పి. పొద్దున తినలేదు, అదీ, అనుకున్నాడు. ఛాతీ మీద పసుపు గొట్టం వేలాడుతోంది. అనుమానం వస్తే నోట్లోది తీసి అది పెట్టుకుంటే మామూలు సిలిండరు గాలి వస్తుంది. చెయ్యి దాని దాకా వెళ్ళింది కూడా. కానీ అది పెట్టుకుంటే బుడగలు వస్తాయి, కోచ్ చూస్తాడు, గురువుగారు రెండు నిమిషాలకే గొట్టం మార్చారనుకుంటాడు. చెయ్యి వెనక్కి వచ్చేసింది. కాళ్ళు నిలబెడితే చాలు, తల బయటికొస్తుందన్న సంగతి అప్పటికే బుర్రలోంచి జారిపోయింది. కొలను అడుగున పలకలు ఎంతో అందంగా, నీలంగా, దూరంగా కనిపించాయి.

తర్వాత ఎవరో భుజం పట్టీ పట్టుకుని దబ్బున పైకి లాగారు. నోట్లోంచి గొట్టం ఊడింది. గులాబీ టోపీ పెట్టుకున్న ఒక ముసలమ్మ, డెబ్బై అయిదేళ్ళుంటాయి, ఈయన్ని గట్టుకి ఆనించి వీపు మీద చరుస్తోంది.

"అలా ఒరిగిపోతున్నావేం బాబూ? ఈత నేర్చుకుంటున్నావా?"

లోతుగారికి ఊపిరి ఆడటమే కష్టంగా ఉంది.

"పర్లేదులే, సిగ్గుపడకు. నేనూ అరవై దాటాకే నేర్చుకున్నాను. ముందు ఆ మూటలన్నీ తీసేసి దిగు."

గట్టు మీదికి చేరాక కోచ్ డబ్బా మూత తీశాడు. లోపల ఒక్క గుళిక లేదు. నిన్న కడిగి ఆరబెట్టింది ఆరబెట్టినట్టే తళతళలాడుతోంది. భుజాలు గట్టిపడటం అదీ.

"నింపలేదా గురువుగారూ?"

"నింపి ఉంటారనుకున్నాను."

"ఎవరు?"

లోతుగారు చుట్టూ చూశాడు. ఎవరో. ఎప్పుడూ ఎవరో ఒకరు నింపి ఉంటారు కదా.

"సరే, ఇవన్నీ మామూలే. మీ స్థాయికి ఇదొక లెక్కా," అన్నాడు కోచ్. మర్నాడు కార్డు ఇచ్చేశాడు. ఖాళీ డబ్బాతో దిగబోయే ముందు తీసిన ఫోటో వేసి ఉంది. అందులో ఆయన నవ్వుతున్నాడు.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం కంప్రెసరు గదిలో కార్డు బల్ల మీద పెట్టాడు. మరదలు దాన్ని నూనె చేత్తో తీసుకోకుండా వంగి చూసింది.

"ఫోటోలో బాగా పడ్డావు బావా. మూడో ప్రశ్నకేమన్నాడు?"

"అడగలేదు."

"రెండోది?"

"అడగలేదు."

"అడగడానికి నోరు రాలేదా?"

"గురువుగారూ అన్నాడే."

ఆవిడ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. అప్పుడు మొత్తం చెప్పాడు, గులాబీ టోపీతో సహా. టోపీ దగ్గర నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"ఖాళీ డబ్బాతో దిగావా!"

"నింపి ఉంటారనుకున్నానే."

"అక్క ఉంటే నింపేది." మరదలు స్టూలు లాక్కుని కూర్చుంది. "బావా, పడవలో అక్క కాగితం చదివేది, గుర్తుందా? వాల్వు తెరిచావా, గడియారం చూశావా, బెల్టు బిగించావా అని?"

"గుర్తు లేకేం."

"నువ్వేమనేవాడివి?"

"ఊఁ అనేవాణ్ణి."

"చూసి అనేవాడివా?"

ఆయన చూసేది సముద్రం వంక. చదువుతూనే భార్య చెయ్యి వాల్వు మీదికి, గడియారం మీదికి, బెల్టు మీదికి వెళ్ళేది. ఆవిడ చూసేది కాబట్టి ఆయన ఊఁ అనేవాడు. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన భార్యతో ఎక్కువసార్లు అన్న మాట అదే.

"అక్క పోయాక మూడేళ్ళూ బానే దిగాను కదా," అన్నాడు చివరికి.

"ఈ గదిలోంచి నీ సామాను పడవ దాకా మోసుకొచ్చేది ఎవరు? ఊరికే మోస్తున్నాననుకున్నావా? ప్రతి వాల్వూ రెండుసార్లు తిప్పి చూసే పంపాను. రెండుసార్లు పగిలిన గొట్టం మార్చాను."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే ఏమనేవాడివి?"

"ఊఁ అనేవాణ్ణి," అన్నాడు లోతుగారు.

అంటే ఇన్నేళ్ళలో ఒక్క పొరపాటూ దొరకకపోవడం అందువల్ల. పొరపాట్లన్నీ ఇద్దరు ఆడవాళ్ళు తనకన్నా ముందే ఏరేశారు. చేపల లెక్క తప్పు, ఇదీ తప్పు. ఇక తన గురించి తను ఒప్పుగా లెక్కపెట్టుకున్నది ఏదైనా ఉందా అని వెతికాడు. వయసు ఒక్కటి తేలింది. యాభై ఆరు.

పదో తారీఖు పొద్దున కార్డు చొక్కా జేబులో పెట్టుకుని డైరెక్టరమ్మ గదిలోకి వెళ్ళాడు. ఆవిడ బల్ల మీద కాగితాలు పక్కకి జరిపి చోటు చేసింది. కార్డు పెట్టడానికి అంత చోటు చాలు. పెడితే పున్నమికి నీళ్ళలో ఉంటాడు. మూడు వందల పదిలో మిగతా రెండు వందల ఇరవై ఎలా ఉంటాయో చూస్తాడు. కింద ముసలమ్మలెవరూ ఉండరు, అంతే.

"నాకింకా రాలేదండీ," అన్నాడు.

"కార్డా?"

"డైవింగు."

డైరెక్టరమ్మ పక్కకి జరిపిన కాగితాల్ని మళ్ళీ ముందుకి లాక్కుంది. "అయితే ఈ సీజను ఒడ్డునే," అంది. ఆయన ఊఁ అనబోయి, "అలాగేనండీ," అన్నాడు.

అక్కణ్ణుంచి యంత్రం పెట్టె భుజాన వేసుకుని నేరుగా రేకుల షెడ్డుకి వెళ్ళాడు. టీచరమ్మ అదే బల్ల దగ్గర అదే కళ్ళజోడుతో ఉంది.

"గుర్తొచ్చిందండీ," అన్నాడు గుమ్మంలోంచే. "ఏడో తారీఖు, పొద్దున పదకొండు గంటలకి. ఖాళీ డబ్బాతో దిగాను."

"ఎంత లోతు?"

జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న ఆయన్ని అడిగారు.

"ఛాతీ దాకా."

టీచరమ్మ నవ్వలేదు. "ఎవరు లాగారు?"

"వ్యాయామానికి వచ్చిన ముసలమ్మ."

"పసుపు గొట్టం పెట్టుకోలేదా?"

"సిగ్గేసింది."

"కార్డు ఇచ్చారా?"

తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫోటో చూసి, చేతిలోనే ఉంచుకుంది.

"తొమ్మిది రోజులు. ఆ తర్వాత కూడా ఇస్తానని మాటివ్వను. సామాను దించు."

దించండి అనలేదు, దించు అంది. అదే అడ్మిషన్ అని లోతుగారికి అర్థమైంది.

డబ్బా విప్పి గుళికలు పోశాడు. కొద్దికొద్దిగా పోస్తూ, పక్కల చేత్తో తట్టి, సందులు లేకుండా సర్దాడు. పైన కుప్పగా మిగిలింది. టీచరమ్మ ఆ కార్డుని అడ్డంగా పట్టుకుని అంచు నుంచి అంచుకి ఒక్కసారి గీసింది. గుళికలు బల్లపరుపుగా సర్దుకున్నాయి. "మొత్తానికి పనికొచ్చింది," అని కార్డుని గ్రీజు డబ్బా పక్కన పడేసింది. నవ్వుతున్న ముఖం మీద తెల్ల పొడి మిగిలింది.

మూత బిగించాక కాగితం తీసి చదివింది. "ఒకటి. డబ్బాలో గుళికలు."

"ఊఁ."

కాగితం కిందికి దిగింది. "ఊఁ అంటే?"

"ఇప్పుడే నింపాను కదండీ, మీ ఎదురుగానే."

"నేను చూశాను. నువ్వు చూశావా?"

లోతుగారు మూత విప్పాడు. చూశాడు. వేలితో తాకి చూశాడు.

"ఉన్నాయి," అన్నాడు.

"మూత బిగించు. మళ్ళీ ఒకటి."

మధ్యాహ్నం అన్నం వేళకి మరదలు ఫోన్ చేసింది.

"ఎంత లోతు దిగావు బావా?"

ఆయన ముందున్న కాగితం వంక చూసుకున్నాడు. నలభై ఒక్క వరసల్లో టిక్కు పడినవి ఆరు.

"ఇంకా బల్ల మీదే ఉన్నానే," అన్నాడు. "ఉండు, పెట్టేస్తున్నా. ఏడోది చూడాలి."